ఇరవయ్యా, అరవయ్యా

మాస్కులొచ్చినంక మా చండూరు సెంటర్ల
అందరి నోర్లు మూతబడ్డయి,
నాదొక్కటే తెరుచుకుంది.

నవ్వకుండ్రి. నిజంగనే.
ఎనిమిదేండ్లు నిండకముందే
బోరింగు నీళ్ళు నా పండ్ల మీద
గోధుమరంగు చారలు గీసినయి.
గ్రూపు ఫోటో నాడు సారు "పెదవులు మూసుకోండి" అన్నడు,
నన్నొక్కదాన్నే కాదు, ముందువరుస మొత్తాన్ని.
అప్పటిసంది ముందు చెయ్యి లేసేది,
దాని ఎనుక మాట వచ్చేది.
మెడికల్ షాపుల పదకొండేండ్ల కొలువు,
"జర గట్టిగ చెప్పమ్మా" అనని గిరాకి లేడు.

ఆ ఏడు ఎండాకాలం
నీలిగుడ్డ మూతికి తగిలించంగనే
చెయ్యి దానంతటదే కిందికి దిగింది.
గల్లా మీద రెండు మోచేతులు ఆనిచ్చి మాట్లాడిన,
కొట్లాడిన,
పకపక నవ్విన.
మా సేటు భయపడ్డడు:
"ఏమైందే సుగుణా, పూనకమా?"

కష్టమంతా తతిమ్మ లోకానికొచ్చింది.
ఇరవై అంటే అరవై తీసేటోళ్ళు,
అరవై అంటే ఇరవై పెట్టి పోయేటోళ్ళు.
పెదవి పెదవి తగిల్తేనే పుట్టే అక్షరాలు, ప, బ, మ.
మందు, బిళ్ళ, పూట, పైసలు, పొద్దు, మాపు,
మా షాపు మాటలన్నీ వాటితోనే మొదలైతయని
అవి గుడ్డ కింద ఊపిరాడక కొట్టుకున్నంక గని తెల్వలే.
కండ్లతోని నవ్వొచ్చు, ఉరమొచ్చు.
"తిన్నంక వేసుకో" అని కండ్లతోని ఎట్ల చెప్తరు?

గట్టుప్పల్ నుంచి రాపోలు భద్రయ్య వచ్చిండు.
నలభయ్యేండ్లు మగ్గం చప్పుడు తిని తిని
చెవులు రెండూ నిండిపోయినయి.
ఎప్పుడొచ్చినా పక్కన అండాలమ్మ ఉండేది,
ఆయన చెవి ఆమెనే.
గియ్యాల ఒక్కడే.
మూతికి చిటికి చీర ముక్క,
చుక్కలు సరిగ్గ కలవక పక్కన పడేసిన బట్టది.
ఆమెకే జరమంట. లోపలర్రల ఉందంట.

చిట్టి చూసి మూడు రకాల గోళీలు పెట్టిన.
"ఇది పొద్దుమాపు. ఇది మాపటికే. ఇది జరమొస్తేనే."
ఆయన నా కండ్లల్లకు చూసిండు.
మల్ల చెప్పిన. అరిచి చెప్పిన.
రోడ్డు మీద పోయే ఆటోవాడు ఆగి చూసిండు,
ఈయనకు మాత్రం ఇనపడలే.
తల ఊపిండు.
ఆ ఊపు నాకు తెలుసు,
నా చెయ్యికి తోడబుట్టిందే అది.

కాయిదం మీద రాద్దామంటే
ఆయనకు పోగుల లెక్కలొస్తయి, అక్షరం రాదు.
చూపుడువేలుతోని తన మూతి మీది ముక్కను తట్టి
నా దిక్కు చూపిండు.
అర్థమైంది.
చెమటలు పట్టినయి. రోగం భయం కాదు.

రెండడుగులు ఎనుకకు జరిగి
సిరపు సీసల అల్మారకు వీపానిచ్చి
చెవి దగ్గరి దారం వదిలిన.
పగటి వెలుగు నా పండ్లకు తగిలింది,
అడ్డం చెయ్యి లేకుంట.
పొ-ద్దు. మా-పు.
పెదవులు కలిపి, విడదీసి,
నాడె పంపినట్టు
ఒక్కొక్క మాటనే ఇటునుంచి అటు పంపిన.
ఆయన నా నోటిని చూసిండు,
తెగిన పోగును వెతికే చూపు.
అది చారల మీద ఎక్కడా ఆగలే.
పోగు దొరికినంకనే తలెత్తిండు.

"ఇనపడ్డది బిడ్డా."
మూడు గోళీలను మూడు వేళ్ళకు కేటాయించుకొని
ఒక్క తప్పు లేకుంట అప్పజెప్పిండు.
నేను మాస్కు పైకి గుంజుకున్న.

"పైసలెంత?"
"అరవై."
ఇరవై తీసి గల్లా మీద పెట్టిండు.

మల్ల కిందికి గుంజిన.